సిరిలో మావయ్య పంటినొప్పి

సిరిలో మావయ్యకి పంటినొప్పి ఏటా జూన్ పదిహేనున మొదలై ఆగస్టు ముప్పైయ్యొకటిన తగ్గిపోతుంది. ఆ రెండున్నర నెలలూ ఆయన దవడ కింద నుంచి నడినెత్తి దాకా ఒక గళ్ళగుడ్డ బిగించి కట్టుకుని, దానిమీద టోపీ పెట్టుకుని తన కొట్లో కూచుంటాడు. ముప్పైయేళ్ళలో ఒక్క రోజు అటూ ఇటూ కాలేదు. మా రయాన్‌పంపా ఊళ్ళో ఎవరింట్లోనూ క్యాలెండరు లేకపోవడానికి కారణం అదే.

ఆ నొప్పి ఎందుకొస్తుందో ఊరందరికీ తెలుసు. అవి హుర్కా నెలలు. ఆగస్టు చివర్లో పునీత రోజా పండగ. ఆ ఏడు పండగ బాధ్యత ఎవరి మీద పడితే వాళ్ళు బుట్టలో రొట్టెలు, సీసాలో సారా పెట్టుకుని గడపగడపకీ తిరుగుతారు. రొట్టె చేతిలో పెడతారు, ఫలానాది కావాలని అడుగుతారు. అవతలివాళ్ళు రొట్టె కొరికారా, ఇక అంతే. ఎద్దంటే ఎద్దు, బ్యాండుమేళమంటే బ్యాండుమేళం ఇచ్చి తీరాలి. కాగితం ఉండదు, సాక్షి సంతకం ఉండదు, రొట్టె మీద పళ్ళ గుర్తులే సంతకం. మా తాత ఒకసారి ఎద్దుకి కొరికాడు. పండగకి రెండు రోజుల ముందు ఎద్దు చచ్చిపోతే తనే కొమ్ములు కట్టుకుని గోదాలోకి దిగాడు. మూడు పోటీల్లో రెండు గెలిచాడు.

సిరిలో మావయ్య మాత్రం ఇంతవరకూ ఎవరి రొట్టే కొరకలేదు. దవడ కట్టేసుకున్న మనిషికి రొట్టె ఎలా పెడతాం?

ఆయన పిసినారి అని నేను అనను. వాడిన టీ పొట్లాన్ని బట్టల తీగ మీద క్లిప్పు పెట్టి ఆరేస్తాడు, అంతే. ఆ పొట్లం వయసు నా చిన్న తమ్ముడి వయసూ ఒకటే. అద్దాలు అరిగిపోతాయని చిల్లర లెక్కపెట్టేటప్పుడు తప్ప కళ్ళజోడు పెట్టుకోడు. వీధిలో నన్ను చూసి ఒకసారి మా అమ్మ అనుకున్నాడు, ఒకసారి గాడిద అనుకున్నాడు. రెండుసార్లూ మర్యాదగానే పలకరించాడు.

ఇప్పుడు ఆయన సంగతి ఎందుకంటే, మా అక్క డెల్ఫీనాకి ఆయన గది కావాలి.

మా బడికి టీచర్లు సముద్రతీరం నుంచి వస్తారు. వచ్చి, వెళ్తారు. కిందటేడు నలుగురొచ్చారు. ఆఖరాయన పదకొండు రోజులున్నాడు. అందులో తొమ్మిది రోజులు మా కొండల ఎత్తు పడక మంచంమీదే ఉన్నాడు. పదో రోజు లేచి కిటికీలోంచి మంచుకొండని చూశాడు, పదకొండో రోజు బస్సెక్కాడు. నల్లబల్ల మీద ఆయన రాసిన 'శుభోదయం' ఇప్పటికీ అలాగే ఉంది. ఆయన నేర్పింది అదొక్కటే కాబట్టి ఎవరూ చెరపలేదు.

హైస్కూలు అయిపోయిన మా అక్క రెండేళ్ళుగా రోజూ మధ్యాహ్నం ఇరవయ్యారు మంది పిల్లల్ని కూచోబెట్టి ఊరికే చదువు చెప్తోంది. ఈ జనవరిలో వరాస్ పట్నంలో టీచర్ల కాలేజీ ప్రవేశ పరీక్ష రాసింది. సీటొచ్చింది. అయిదేళ్ళ చదువు. అయ్యాక తిరిగొచ్చి ఇక్కడే చెప్తానని ఊరందరి ముందూ అంది. మార్చి మూడో సోమవారం క్లాసులు మొదలు. ఫీజు, పుస్తకాలు, బస్సు ఖర్చు, తిండి, అన్నిటికన్నా ముందు తలదాచుకోడానికి గది. వరాస్‌లో గది అద్దెలు ఎలా ఉన్నాయంటే, మా ఇంటిని మాతో కలిపి అమ్మినా ఏప్రిల్ దాటదు.

ఆ కాలేజీకి రెండు వీధుల అవతల సిరిలో మావయ్యకి రెండంతస్తుల ఇల్లుంది. వెనక గదిలో రెండు బస్తాల బార్లీ, ఒక పాత జీను ఏడేళ్ళుగా అద్దె కట్టకుండా కాపురముంటున్నాయి.

"హుర్కా పెడదాం," అన్నాను ఊరి సమావేశంలో లేచి నిలబడి.

ఊరి పెద్ద లీనో పెదనాన్న టోపీ వెనక్కి తోసుకున్నాడు. "హుర్కా పునీత రోజాకి పెడతారే తర్సీలా. మీ అక్క పునీతురాలా?"

"మూడో క్లాసు పిల్లలకి భాగహారం నేర్పింది పెదనాన్నా. అంతకన్నా అద్భుతం ఈ ఊళ్ళో ఎప్పుడన్నా జరిగిందా?"

"మార్చిలో హుర్కా ఏంటే, ఎవరన్నా వింటే నవ్విపోతారు."

"జూన్‌దాకా ఆగుదామంటే కాలేజీవాళ్ళు ఆగరు కదా."

లీనో పెదనాన్న ఆలోచనలో పడ్డాడు. ఆలోచిస్తున్నప్పుడు ఆయన చెయ్యి తినేవాటికోసం దానంతటదే వెతుకుతుంది. రొట్టెల పొయ్యి నడిపే ఎర్మీలా పిన్ని బుట్ట పక్కనే ఉంది. ఆయన ఒక రొట్టె తీసి, తుంచి, నోట్లో పెట్టుకుని నమిలాడు. అందరూ ఆయన నోటివైపే చూశారు. ఆయన నమలడం ఆపాడు.

"ఇది..."

"హుర్కా రొట్టే బావా," అంది ఎర్మీలా పిన్ని. "పైన పిండిపువ్వు లేదూ? తర్సీలా చెయ్యమంది."

"ఇంకా మింగలేదుగా."

"పళ్ళు పడ్డాయిగా."

ఆయన మింగాడు. "సరే. అయిదేళ్ళ బస్సు ఖర్చు నాది. తీర్మానం నెగ్గింది."

మర్నాడు నేనూ అక్కా బుట్ట పట్టుకుని బయల్దేరాం. అప్పుడొచ్చింది అసలు చిక్కు. మావాళ్ళ నోళ్ళు హుర్కాకి ఎంత అలవాటు పడ్డాయంటే, మేం అడిగేలోపే రొట్టె కొరికేసి, తరతరాలుగా వాళ్ళింట్లో ఏమిస్తున్నారో అదే చెప్పేశారు. పై వీధి కవలలు "బ్యాండుమేళం, పన్నెండుమంది," అన్నారు. వాగు పక్కింటాయన "బాణసంచా కోట, మూడంతస్తులది," అన్నాడు. ఇంకొకాయన ఎద్దన్నాడు. ఒకసారి నోట్లోంచి మాట వచ్చాక వెనక్కి తీసుకోవడం మాలో లేదు. సాయంత్రానికి మా అక్క చదువుకి ఎద్దు, బాణసంచా, బ్యాండు, నలభై ఒక్క గినీ పందులు, ముసుగులేసుకుని ఆడే నాట్యబృందం సమకూరాయి.

"ఒసేయ్, నేను చదువుకోడానికి వెళ్తున్నానా, ఊరేగడానికా?" అంది అక్క.

"ఎద్దుని సంతలో అమ్మితే ఫీజవుతుందక్కా."

"మరి బాణసంచాని?"



ఆలోచించి ఇచ్చినవాళ్ళూ ఉన్నారు. తొంభయ్యేళ్ళ కాసిల్డా అవ్వ తన పెళ్ళినాటి బూట్లిచ్చింది. అవి అక్క బొటనవేలికి సరిపోయాయి. ఇద్దరు వదినలు వారం వారం గురువారంనాడు ఒక కుండ బంగాళాదుంపల చారు బస్సులో పంపుతామన్నారు. బస్సు డ్రైవరు చేత కూడా రొట్టె కొరికించాం. మా దారిలో మలుపులు నూట పదహారు. కుండలో చారు సగమన్నా చేరుతుందని ఆయన మాటిచ్చాడు.

ఆ ఇల్లూ ఈ ఇల్లూ కలిసి అన్నీ ఇచ్చాయి. గది తప్ప.

సిరిలో మావయ్యకి కబురు మాకన్నా ముందే చేరింది. ఆ ఏడాది పంటినొప్పి మూడు నెలల ముందే వచ్చేసింది. మేం కొట్లోకి అడుగుపెట్టేసరికి గళ్ళగుడ్డ బిగించి ఉంది.

"ఒకే ఒక్క ముక్క మావయ్యా. సోంపు వేశారు, వాసన చూడండి," అన్నాను.

"ఊఁ ఊఁ," అన్నాడు ముక్కు భుజాల మీది పోంచో దుప్పటిలో దాచుకుని.

మంగళవారం నేను తెల్లకోటు వేసుకుని, పత్తితో మీసం అతికించుకుని, ఊరికి పళ్ళ డాక్టరొచ్చాడని చెప్పి కొట్లోకి వెళ్ళాను. కళ్ళజోడు లేదు కాబట్టి ఆయన నమ్మాడు. డబ్బులు తీసుకుంటారా అని అడిగాడు. ఊరికేనంటే గుడ్డ విప్పి నోరు తెరిచాడు. ముప్పైరెండు పళ్ళు. కంచరగాడిదకి కూడా అంత మంచి పళ్ళుండవు. ముప్పైయేళ్ళు హుర్కా రొట్టె తగలకుండా కాపాడిన పళ్ళు మరి.

"ఏమీ లేదే," అన్నాను గొంతు మార్చి.

"లోపలుంది డాక్టరుగారూ. పైకి కనపడదు," అని మళ్ళీ కట్టేసుకున్నాడు.

శుక్రవారం వచ్చింది. అక్క పెట్టె సర్దుకోలేదు. పిల్లల పలకలు తుడిచి, పేర్లవారీగా దొంతి పెట్టి, "నేను వెళ్తే వీళ్ళని మధ్యాహ్నం ఎవరు చూస్తారు, వెళ్ళకపోయినా మంచిదేలే," అంది. అది నాతో అన్న మాట కాదు. నాకు వినపడేలా తనతో తను అనుకున్న మాట. నాకు చేతులు దురద పెట్టాయి. నాకు చేతులు దురద పెట్టినప్పుడల్లా ఊళ్ళో ఏదో ఒకటి జరుగుతుంది. కిందటిసారి గంటస్తంభం మీదకి మేక ఎక్కింది.

నేరుగా సిరిలో మావయ్య భార్య అసుంతా అత్త దగ్గరికి వెళ్ళాను.

"ముప్పైయేళ్ళుగా ఆ గుడ్డ ఉతుకుతున్నానే," అంది అత్త వెంటనే. "ఏం చెయ్యాలో చెప్పు."

సిరిలో మావయ్య రోజూ పొద్దున్నే కొట్టు తలుపు తియ్యకముందు గుడ్డ విప్పి, నిన్నటి రొట్టె కాఫీలో ముంచుకు తింటాడు. నిన్నటిదైతే సగం ధర. ఎర్మీలా పిన్ని ఒక హుర్కా రొట్టె కాల్చి, పైనున్న పిండిపువ్వు కోసేసి, ఒక రాత్రి ఆరబెట్టి, అసుంతా అత్తకి సగం ధరకి అమ్మింది. శనివారం పొద్దున నేనూ లీనో పెదనాన్నా వెనక తలుపులోంచి వెళ్ళి బంగాళాదుంప బస్తాల వెనక కూచున్నాం. నాకు ఒక బస్తా చాలింది. పెదనాన్నకి నాలుగు కావలసొచ్చాయి.

మావయ్య గుడ్డ విప్పాడు. రొట్టె ముంచాడు. కొరికాడు. "ఇవాళ బాగుందే," అని మళ్ళీ కొరికాడు. సగం అయింది.

నేను బస్తాల వెనక నుంచి లేచాను. "హుర్కా మావయ్యా. వరాస్‌లో గది, అయిదేళ్ళు."

ఆయన నోట్లోది బయటికి రాలేదు, లోపలికీ పోలేదు. అసుంతా అత్త గళ్ళగుడ్డని నాలుగు మడతలు పెట్టి పొయ్యిలో పడేసింది. అంత నెమ్మదిగా, అంత భక్తిగా ఎవరన్నా ఏదన్నా తగలెయ్యడం నేను చూడలేదు.

"ఇది మోసం," అన్నాడు మావయ్య చివరికి. "లీనో, నువ్వన్నా చెప్పరా."

"పళ్ళు పడ్డాయి సిరిలో. నాకూ ఇలాగే పడ్డాయి," అన్నాడు పెదనాన్న బస్తాల మధ్య నుంచి బయటపడలేక.

అప్పుడే కొట్టు తలుపు కొట్టారు. అత్త తీసింది. మా అక్క. పెట్టె కట్టుకోడానికి తాడు కొనుక్కుందామని వచ్చింది. అంటే రాత్రి ఎప్పుడో మళ్ళీ ఆశ పుట్టిందన్నమాట. తాడు చేతిలోకి తీసుకుని, మమ్మల్నందర్నీ చూసింది. సగం రొట్టెని చూసింది. నన్ను చూసింది.

"ఏం చేశావే?"

చెప్పాను. గొప్పగానే చెప్పాను. మధ్యలో గొంతు తగ్గించుకోవలసొచ్చింది, ఎందుకంటే అక్క నవ్వలేదు.

"మావయ్యా, ఆ రొట్టె లెక్కలోకి రాదు," అంది. "మీరు తెలిసి తినలేదు."

"అక్కా, ఎల్లుండి సోమవారం."

"నాకు తెలుసు ఎల్లుండి ఏ వారమో. పక్కవాడి పలకలో చూసి రాయొద్దని రేపు టీచర్నయ్యాక పిల్లలకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలే నేను? లీనో పెదనాన్నా, మీరూ తెలియక కొరికారు. మీకూ వదిలేస్తున్నాను."

"నేనడిగానా నిన్ను?" అన్నాడు పెదనాన్న కోపంగా. "బస్సు ఖర్చు నాది. నేను తెలిసే నమిలాను. నటించానంతే."

"తర్సీలా, మావయ్యకి క్షమాపణ చెప్పు."

చెప్పాను. పుట్టి పదిహేడేళ్ళలో అదే మొదటిది. బయట కుక్కలు మొరగడం ఆపేశాయి. వాగు కూడా కాసేపు ఆగిందని తరవాత చెప్పుకున్నారు, నేను మాత్రం చూడలేదు.

అక్క తాడుని మళ్ళీ చుట్ట చుట్టి బల్లమీద పెట్టింది. "ఇది వద్దులెండి మావయ్యా," అంది. గొంతు మామూలుగానే ఉంది. తాడు పెట్టిన చెయ్యి మాత్రం వెంటనే వెనక్కి రాలేదు. తరవాత వెళ్ళి గుమ్మంలో, మాకు వీపు చూపించి నిలబడింది. బయట చినుకులు పడుతున్నాయి.

సిరిలో మావయ్య ఆ తాడునే చూస్తూ కూచున్నాడు. తరవాత మిగిలిన సగం రొట్టెని చూశాడు.

"దీన్నేం చేస్తావు?" అన్నాడు భార్యతో.

"కోళ్ళకి వేస్తాను."

"కోళ్ళకా? డబ్బులు పెట్టి కొన్నదాన్నా?"

"మరి నీకొద్దుగా."

ఆయన కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. లెక్కపెట్టడానికి చిల్లర ఏమీ లేదు. అయినా పెట్టుకున్నాడు. రొట్టెని అటూ ఇటూ తిప్పి, పైన పువ్వు కోసిన చోట వేలితో తడిమాడు.

"లీనో, ఇప్పుడిది ఏ రొట్టో నాకు తెలుసు కదా?"

"తెలుసు."

"ఇప్పుడు తింటే?"

"ఇప్పుడు తింటే మాత్రం దేవుడొచ్చినా విడిపించలేడు."

మావయ్య గుమ్మం వైపు చూశాడు. "అమ్మాయ్ డెల్ఫీనా. నా అరవై ఆరేళ్ళలో నేనివ్వాల్సింది ఇవ్వక్కర్లేదన్నవాళ్ళు ఎవరూ లేరు. నా కన్నతల్లి కూడా అనలేదు. నువ్వెందుకన్నావు?"

"అది నాది కాదు కాబట్టి," అంది అక్క, ఇటు తిరక్కుండానే.

ఆయన సగం రొట్టెనీ కాఫీలో ముంచాడు. ఒక చుక్క కూడా కారకుండా, కప్పుని గడ్డం కింద పెట్టుకుని తిన్నాడు. తరవాత బల్లమీద రాలిన పొడిని వేలితో అద్దుకు తిన్నాడు. ఒక పలుకు బస్తాల దగ్గర పడితే నా చేత ఏరించి అదీ తిన్నాడు. కోళ్ళకి ఆ రోజు ఏమీ దక్కలేదు.

"బార్లీ బస్తాలు అక్కడే ఉంటాయి," అన్నాడు మూతి తుడుచుకుని. "జీను కూడా. రాత్రి ఎనిమిదికల్లా దీపం ఆర్పాలి."

అక్క ఇటు తిరిగింది. మొహం తడిగా ఉంది, చినుకులే అనుకోండి. "పరీక్షలప్పుడు పది," అంది.

"ఎనిమిదిన్నర."

"పది మావయ్యా. నేను టీచర్నవుతానా, కోడినవుతానా?"

"తొమ్మిదిన్నర. తాడు డబ్బులు మాత్రం ఇవ్వాలి," అన్నాడు. తరవాత అత్త మొహం చూసి, "సగం," అన్నాడు.

ఆదివారం అక్క బస్సెక్కింది. అన్నమాట ప్రకారం పన్నెండుమంది బ్యాండువాళ్ళు వచ్చారు. మిట్టమధ్యాహ్నం వానలో మూడంతస్తుల బాణసంచా కోట అంటించారు. వెలుగు కనపడలేదు కానీ పొగ ఎంతొచ్చిందంటే, పక్క ఊరివాళ్ళు మా ఊరు కాలిపోయిందనుకుని దుప్పట్లు పట్టుకొచ్చారు. వచ్చినవాళ్ళతో కూడా రొట్టె కొరికించాం. అలా అక్కకి ఆరు దుప్పట్లు వచ్చాయి. ఎద్దు అంతకుముందే ఫీజుగా మారిపోయింది. ముసుగులవాళ్ళు మొదటి మలుపుదాకా బస్సు ముందు ఆడుతూ వెళ్ళారు. మిగతా నూట పదిహేను మలుపుల్లో కూడా ఆడతామంటే డ్రైవరు ఒప్పుకోలేదు. కాసిల్డా అవ్వ బూట్లు బస్సు అద్దం దగ్గర వేలాడుతున్నాయి. అక్క కిటికీలోంచి సగం బయటికొచ్చి, "ఒసేయ్, నువ్వు లేకపోతే," అని ఏదో అనబోయింది. ట్రాంబోనువాడు సరిగ్గా అప్పుడే ఊదాడు.

బస్సు కనుమరుగయ్యాక అందరం కొట్లోకి చేరాం. అంత నవ్వి, అంత గెంతాక కడుపు ఖాళీ. సిరిలో మావయ్య బల్ల అవతల నుంచి వేడి రొట్టె ఒకటి నా ముందు పెట్టాడు. ఆయన ఊరికే ఇచ్చాడు. అక్కడే నాకు అనుమానం రావలసింది. కానీ సోంపు వాసన. కొరికేశాను.

బంగాళాదుంప బస్తాలు కదిలాయి. లీనో పెదనాన్న తల పైకొచ్చింది. "పళ్ళు పడ్డాయి," అన్నాడు.

రొట్టెని తిప్పి చూశాను. పువ్వు కోసేసి ఉంది.

"హుర్కానే తర్సీలా," అన్నాడు మావయ్య చాలా శాంతంగా. "వచ్చే మార్చిదాకా ఇరవయ్యారు మంది పిల్లలకి రోజూ మధ్యాహ్నం నువ్వే చెప్పాలి. నీ కాలేజీ పరీక్ష వచ్చే జనవరిలో. గదిలో జీను తీసేస్తే ఇంకో మంచం పడుతుంది."

"ఇది చెల్లదు," అన్నాను. "తెలియక కొరికాను. అక్కే చెప్పింది."

"చెల్లదు," అని ఒప్పుకున్నాడు మావయ్య. "మిగతా సగం అక్కడ పెట్టెయ్. కోళ్ళకి వేస్తాం."

అందరూ నన్నే చూస్తున్నారు. రొట్టె ఇంకా వేడిగా ఉంది. గోడ పక్కన అక్క దొంతి పెట్టిన పలకలు ఉన్నాయి, ఎవరు తెచ్చారో అక్కడికి. అన్నిటికన్నా పైన ఉన్న పలక మీద అక్క చేతిరాతతో నా పేరు రాసి ఉంది. అంటే ఈ కుట్రలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టడం అనవసరం.

మిగతా సగం తిన్నాను. బాగుంది.

సోమవారం మధ్యాహ్నం దవడకి గుడ్డ కట్టుకుని బడికి వెళ్ళాను. పిల్లలు ఇరవయ్యారు మందీ దవడలకి గుడ్డలు కట్టుకుని నా కోసం కూచుని ఉన్నారు. అందరికన్నా ముందు నేనే గుడ్డ విప్పి, నల్లబల్ల దగ్గరికి వెళ్ళి, 'శుభోదయం' చెరిపేశాను.